సారథికి చేయూత

నలమహారాజు బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణుని కొలువులో తలదాచుకొన్నప్పుడు, అతని ఉనికిని దమయంతికి పట్టి ఇచ్చింది అతని రథచోదన నైపుణ్యమే. కురుక్షేత్రంలో కర్ణుని రథం మీద శల్యుడూ, అర్జునుని రథం మీద శ్రీకృష్ణుడూ పగ్గాలు పట్టారు. రథికునికి ఎంత ప్రాధాన్యం ఇచ్చారో సారథికి కూడా అంత ప్రాధాన్యం ఇచ్చారు మన కవులు. అయితే గుర్రపు రథంలో సారథికి ఒక సౌకర్యం ఉంది. పగ్గాన్ని కొద్దిగా బిగించి సూచన ఇస్తే చాలు. రథాన్ని మలుపు తిప్పే శ్రమ గుర్రానిది. గుర్రం తొలగిపోయి ఇంజను వచ్చిన తరవాత ఈ సౌకర్యం కూడా దానితోపాటే తొలగిపోయింది. బండిని ముందుకు నడిపే శక్తి ఇంజనుది. పక్కకు తిప్పే శక్తి మాత్రం మనిషి భుజాలదే అయింది. పోయిన ఆ సౌకర్యాన్ని మళ్లీ సారథికి అందించడానికి జీవితంలో సగభాగాన్ని వెచ్చించిన ఇంజనీరు ఫ్రాన్సిస్ డబ్ల్యూ. డేవిస్. పవర్ స్టీరింగు పితామహుడని మోటారు వాహన చరిత్రకారులు ఆయనను పేర్కొంటారు.

మన రహదారుల మీద పాత లారీలు తిరిగిన రోజులను చూసినవారికి ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఇరుకు సందులో బండిని తిప్పవలసి వచ్చినప్పుడు డ్రైవరు సీటులోంచి సగం పైకి లేచి, రెండు చేతులతోనూ స్టీరింగు చక్రాన్ని పట్టి, దేహభారమంతా దాని మీద మోపేవాడు. బావిలోంచి నిండు బాన తోడుతున్నవాని భుజాల వలె అతని భుజాలు బిగుసుకొనేవి. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో అమెరికాలోనూ, ఐరోపాలోనూ పరిస్థితి ఇదే. బండి కదలకుండా ఉన్నప్పుడు శ్రమ మరింత ఎక్కువ. ఎందుకంటే అప్పుడు టైరు దొర్లదు. తన మీద పడిన బరువుతో నేలను రాచుకొంటూ తిరగాలి.

ఈ శ్రమను తగ్గించడానికి నాటి ఇంజనీర్లకు తెలిసిన ఉపాయం ఒక్కటే. స్టీరింగు చక్రానికీ, ముందు చక్రాలకూ మధ్య ఉన్న పళ్లచక్రాల నిష్పత్తిని పెంచడం. అలా చేస్తే బలం తక్కువ సరిపోతుంది, కాని చక్రాన్ని ఎక్కువసార్లు తిప్పాలి. ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో లాక్కోవడం వంటిదే ఇది. అకస్మాత్తుగా ఎవరో అడ్డు వచ్చినప్పుడు నాలుగు చుట్లు తిప్పేటంత వ్యవధి డ్రైవరుకు ఎక్కడిది? దీనికి తోడు 1923 ప్రాంతంలో అమెరికాలో బెలూన్ టైర్లు వచ్చాయి. అంతకు ముందున్న టైర్లు సన్నగా, అధిక పీడనంతో బిరుసుగా ఉండేవి. కొత్తవి వెడల్పుగా, తక్కువ పీడనంతో మెత్తగా ఉండేవి. ప్రయాణం సుఖవంతమైంది, కాని నేలను తాకే టైరు వైశాల్యం పెరిగింది. దానితో స్టీరింగు ఇంకా బరువెక్కింది.

ఇంజను శక్తినే స్టీరింగుకు కూడా వాడుకోవాలనే ఊహ డేవిస్‌తోనే పుట్టిందని చెప్పడం సరికాదు. పిట్స్‌బర్గుకు చెందిన రాబర్ట్ ట్వైఫర్డ్ 1900లోనే తన పేటెంటులో అటువంటి ఏర్పాటును పొందుపరిచాడు. 1903లో కొలంబియా అనే అయిదు టన్నుల ట్రక్కుకు విద్యుత్ మోటారుతో స్టీరింగు సాయం అమర్చారు. కాని ఇవేవీ నిలదొక్కుకోలేదు. ఊహ ఉండడం వేరు, ఆ ఊహ ప్రతి ఉదయం నమ్మకంగా పని చేసే యంత్రం కావడం వేరు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని నడిచిన వానికే చరిత్ర పెద్దపీట వేస్తుంది.

డేవిస్ 1887లో జన్మించాడు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి 1910లో పట్టభద్రుడైన పిదప, బఫెలో నగరంలోని పియర్స్ యారో మోటారు కార్ల సంస్థలో ఉద్యోగంలో చేరాడు. ఆ సంస్థ చరిత్ర కొంత చిత్రమైనది. పక్షుల పంజరాలు తయారు చేయడంతో మొదలుపెట్టి, సైకిళ్ల మీదుగా కార్లకు వచ్చిన సంస్థ అది. కాలక్రమంలో అమెరికాలోని సంపన్నులు మోజుపడి కొనే కార్లలో పియర్స్ యారో ఒకటయింది. 1909లో అధ్యక్షుడు టాఫ్ట్ కాలంలో శ్వేతసౌధానికి అధికారికంగా కొన్న తొలి కార్లలో ఈ సంస్థవీ ఉన్నాయి. దీపాలను ముందు మడ్‌గార్డులలోనే ఇమిడ్చి నిర్మించడం ఆ కార్ల గుర్తు. విలాసవంతమైన కార్లతోపాటు ఆ సంస్థ భారీ ట్రక్కులు కూడా తయారు చేసేది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆ ట్రక్కులు ఐరోపాకు తరలివెళ్లాయి.

డేవిస్ ట్రక్కుల విభాగంలో పని చేసి, దానికి ముఖ్య ఇంజనీరు అయ్యాడు. తన విభాగం తయారు చేసే బండి ఎంత బరువు మోస్తుందో ఆయనకు తెలుసు. ఆ బండిని తిప్పే మనిషి ఎంత శ్రమ పడుతున్నాడో కూడా ఆయన కళ్లారా చూశాడు. మోసే బరువు పెంచినకొద్దీ తిప్పే కష్టం పెరుగుతున్నది. ఇంజను శక్తి ఏటేటా పెరుగుతూంటే మనిషి చేతుల శక్తి మాత్రం ఉన్నచోటనే ఉంది. 1922లో, ముప్పై అయిదేళ్ల వయసులో, పేరున్న సంస్థలోని పెద్ద ఉద్యోగాన్ని ఆయన వదులుకొన్నాడు. నెల జీతం నిలిచిపోతుందని తెలిసి కూడా, ఫలితం ఎప్పుడు వస్తుందో చెప్పలేని పనికి పూనుకొన్నాడు. ఆ నిర్ణయం ఎంత సాహసమో, ఆ తరవాతి ముప్పై ఏళ్ల కథ చదివితే గాని బోధపడదు.

మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాల్తమ్‌లో ఆయన ఒక చిన్న పనిశాలను అద్దెకు తీసుకొన్నాడు. వాల్తమ్ అప్పటికే గడియారాలకు పేరుపొందిన ఊరు. వెంట్రుకవాసి తేడా లేకుండా లోహాన్ని చెక్కే నేర్పు ఆ ఊరి పనివారిలో తరతరాలుగా ఉంది. డేవిస్ తలపెట్టిన పనికి అటువంటి నేర్పే కావాలి. పరికరాల తయారీలో ఆరితేరిన జార్జ్ జెసప్‌ను ఆయన తనకు తోడుగా నియమించుకొన్నాడు. కాగితం మీద డేవిస్ గీసిన గీతలకు లోహంలో రూపం ఇచ్చింది జెసప్ చేతులే. ఆవిష్కర్తల చరిత్రలో ఇటువంటి సహచరుల పేర్లు తరచుగా మరుగున పడిపోతాయి. జెసప్ పేరు నిలిచి ఉండడం సంతోషించదగిన విషయం.

సహాయక శక్తిని ఏ రూపంలో అందించాలన్నది మొదటి ప్రశ్న. డేవిస్ ద్రవపీడనాన్ని, అనగా హైడ్రాలిక్ పద్ధతిని ఎన్నుకొన్నాడు. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిశలకూ సమానంగా వ్యాపిస్తుందని పాస్కల్ సూత్రం చెబుతుంది. సన్నని గొట్టంలోని నూనె ద్వారా పెద్ద పిస్టన్‌ను బలంగా నెట్టవచ్చు. కర్మాగారాలలోని భారీ ప్రెస్సులు అప్పటికే ఈ సూత్రం మీద పని చేస్తున్నాయి. అయితే ఆ యంత్రాలలో డేవిస్‌కు ఒక లోపం కనిపించింది. వాటిలో వాల్వులు మామూలు సమయంలో మూసి ఉంటాయి. నూనె ఎల్లవేళలా అధిక పీడనంలో బిగబట్టి ఉంటుంది. పని ఉన్నప్పుడు వాల్వు తెరిస్తే ఆ పీడనం విడుదలై పని జరుగుతుంది. ఎల్లప్పుడూ పీడనం ఉండడం వల్ల కీళ్ల దగ్గర నూనె కారుతుంది, చప్పుడు వస్తుంది, శక్తి వృథా అవుతుంది. కర్మాగారంలో నేల మీద కారిన నూనెను తుడిచివేయవచ్చు. కారులో అది సాధ్యం కాదు.

డేవిస్ ఈ పద్ధతిని తలకిందులు చేశాడు. ఆయన నిర్మాణంలో వాల్వు మామూలు సమయంలో తెరిచే ఉంటుంది. ఇంజను తిప్పే పంపు నుంచి వచ్చిన నూనె, తెరిచిన వాల్వు గుండా ఏ అడ్డూ లేకుండా సాగి, తిరిగి తొట్టిలోకే చేరుతుంది. బండి తిన్నగా పోతున్నంత సేపూ ఆ నూనె పంటకాలువలోని నీటిలా నిశ్శబ్దంగా ప్రవహిస్తూ ఉంటుంది. డ్రైవరు చక్రాన్ని తిప్పిన మరుక్షణం వాల్వు ఒకవైపు కొద్దిగా మూసుకొంటుంది. కాలువకు అడ్డుకట్ట వేస్తే నీటిమట్టం పెరిగినట్లు, అక్కడ నూనె పీడనం పెరుగుతుంది. ఆ పీడనం సిలిండరులోని పిస్టన్‌ను తోసి, ముందు చక్రాలను డ్రైవరు కోరిన దిశకు తిప్పుతుంది. డ్రైవరు చేయి ఆపగానే, చక్రాల కదలికే వాల్వును మళ్లీ మధ్యస్థానానికి తెస్తుంది. నూనె మళ్లీ స్వేచ్ఛగా ప్రవహిస్తుంది. అడిగినప్పుడు మాత్రమే పీడనం, అడిగినంత మేరకే సాయం. ఈ ఒక్క మార్పులోనే డేవిస్ ప్రతిభ అంతా ఉంది. వినడానికి ఇది చాలా సులభంగా ఉంటుంది. మంచి ఊహలన్నీ ఎవరో ఒకరు ఊహించిన తరవాతనే సులభంగా కనిపిస్తాయి.

మరొక చిక్కు కూడా ఉంది. సాయం మరీ ఎక్కువైతే డ్రైవరుకు రోడ్డుతో సంబంధం తెగిపోతుంది. చక్రం కింద గులకరాళ్లు ఉన్నాయా, తడి ఉందా, గతుకు ఉందా అన్న విషయాలు మంచి డ్రైవరుకు కళ్ల కంటె ముందు అరచేతులకు తెలుస్తాయి. పగ్గం ద్వారా గుర్రం మనసు తెలిసినట్లన్న మాట. ఈ స్పర్శజ్ఞానం పోకుండా ఉండడానికి వాల్వును మధ్యస్థానంలో నిలిపే స్ప్రింగులు ఏర్పాటయ్యాయి. స్వల్పమైన తిప్పుడుకు స్ప్రింగులు లొంగవు. అప్పుడు స్టీరింగు మామూలుగానే, చేతి బలంతోనే పని చేస్తుంది. బలంగా తిప్పవలసి వచ్చినప్పుడే స్ప్రింగులు లొంగి నూనె సాయానికి వస్తుంది. పంపు చెడిపోయినా భయం లేదు. బరువుగానైనా చక్రం తిరుగుతుంది గాని, బండి డ్రైవరు అదుపు తప్పిపోదు.

ఇంత జరిగాక దాన్ని బండికి అమర్చి చూడాలి. డేవిస్ తన ప్రయోగానికి ఎన్నుకొన్నది 1921 నాటి పియర్స్ యారో రనబౌట్, అంటే ఇద్దరు కూర్చొనే తేలిక రకం తెరుపు కారు. దానిని నిర్మించినవారు అటువంటి అమరిక వస్తుందని కలలో కూడా ఊహించి ఉండరు. పంపుకు చోటు, గొట్టాలకు దారి, సిలిండరుకు ఆధారం వారెక్కడా విడిచిపెట్టలేదు. తయారై రోడ్డెక్కిన కారులో, దాని సహజ స్వభావం చెడకుండా, కొత్త అవయవాన్ని ఇమిడ్చవలసి వచ్చింది. ఈనాడు పాత స్పోర్ట్స్ కార్లకు పవర్ స్టీరింగు అమర్చే మెకానిక్కులు ఎదుర్కొనే చిక్కు ఇటువంటిదే. ఆ విధంగా చూస్తే ఆధునిక పవర్ స్టీరింగు చరిత్ర కొత్త కారుతో మొదలు కాలేదు. పాత కారుకు చేసిన మార్పుతో మొదలైంది. 1925లో ఆ కారు పవర్ స్టీరింగుతో రోడ్డెక్కింది.

మరుసటి సంవత్సరం అక్టోబరులో డేవిస్ ఆ కారును నడుపుకొంటూ డెట్రాయిట్ వెళ్లాడు. వాల్తమ్ నుంచి డెట్రాయిట్ సుమారు 700 మైళ్లు. నాటి రోడ్ల మీద అంత దూరం ప్రయాణమే ఆ యంత్రానికి గట్టి పరీక్ష. జనరల్ మోటార్స్ ఇంజనీర్లు కారును పరిశీలించారు, నడిపి చూశారు, సంతృప్తి చెందారు. ఒప్పందం కుదిరింది. కాడిలాక్ కార్లకు ఈ స్టీరింగును అమర్చడానికి సన్నాహాలు మొదలయ్యాయి. ఈలోగా 1931లో ఆయన హైడ్రాలిక్ స్టీరింగుకు పేటెంటు కూడా లభించింది. నాలుగేళ్ల చిన్న పనిశాల శ్రమ ఫలించిందని, ఇక కొద్ది రోజులలో వేలాది కార్లు తన స్టీరింగుతో రోడ్డు మీదికి వస్తాయని డేవిస్ అనుకొని ఉంటే అందులో ఆశ్చర్యం లేదు.

కాని కాలం అనుకూలించలేదు. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం అమెరికాను కుంగదీసింది. కార్ల అమ్మకాలు పడిపోయాయి. ఖరీదైన కార్ల మీద దెబ్బ మరీ గట్టిగా తగిలింది. కొత్త పరికరాన్ని తయారు చేయడానికి కావలసిన యంత్రసామగ్రికి పెట్టవలసిన పెట్టుబడి ఎక్కువ, అమ్ముడుపోయే కార్ల సంఖ్య తక్కువ. లెక్కలు సరిపోలేదు. 1934లో జనరల్ మోటార్స్ ఆ ప్రయత్నాన్ని విరమించుకొంది. యంత్రంలో ఏ లోపమూ లేదు, లోపం కాలానిది. ఇంజనీరుకు ఇంతకన్న బాధాకరమైన ఓటమి మరొకటి ఉండదు. తప్పు ఉంటే దిద్దుకోవచ్చు. తప్పు లేనప్పుడు దిద్దుకోవడానికి ఏముంటుంది? ఆయన తొలుత పని చేసిన పియర్స్ యారో సంస్థ కూడా ఈ మాంద్యానికి తట్టుకోలేక 1938లో మూతపడింది.

డేవిస్ నిరాశతో చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1936లో బెండిక్స్ సంస్థతో కొత్త ఒప్పందం చేసుకొన్నాడు. ఇక్కడా పని నత్తనడకనే సాగింది. 1939 నాటికి తయారైన నమూనాలు పది మాత్రమే. అందులో రెండింటిని బ్యూక్ కార్లలో ప్రయోగాల కోసం జనరల్ మోటార్స్ కొన్నది. ఉద్యోగం వదిలి పదిహేడేళ్లు గడిచాయి. చేతిలో ఉన్నవి పది నమూనాలు, గడువు తరుగుతున్న పేటెంట్లు.

చివరికి దారి తెరిచింది యుద్ధం. 1940లో బ్రిటిష్ సైన్యం కోసం షెవ్రొలే సంస్థ కవచవాహనాలను నిర్మించవలసి వచ్చింది. టన్నుల కొద్దీ ఉక్కు కవచం తొడిగిన ఆ వాహనాలను మామూలు స్టీరింగుతో తిప్పడం దుస్సాధ్యం. గుండ్ల వాన కురిసేచోట డ్రైవరు భుజబలం మీద ఆధారపడి కూర్చోవడం ప్రాణాపాయం. డేవిస్ స్టీరింగు ఆ వాహనాలకు అమరింది. యుద్ధం ముగిసేసరికి పదివేలకు పైగా సైనిక వాహనాలు పవర్ స్టీరింగుతో నడిచాయి. సంపన్నుల కారులో వేలికొనలతో తిరగవలసిన చక్రం మొదట యుద్ధభూమిలో తిరిగింది. ఏ పరిశోధనశాలలోనూ జరగనంత కఠినమైన పరీక్ష దానికి అక్కడ జరిగింది. బురదలో, ఇసుకలో, గడ్డకట్టే చలిలో అది పని చేసింది. ఇక ఆ యంత్రం విశ్వసనీయతను శంకించడానికి ఎవరికీ అవకాశం లేకపోయింది.

శాంతి నెలకొన్నాక అమెరికా కార్లు ఏటేటా పెద్దవి కాసాగాయి. ఇంజన్లు బరువెక్కాయి, టైర్లు వెడల్పయ్యాయి. పవర్ స్టీరింగుకు తగిన కాలం ఆసన్నమైంది. కాని అప్పటికి మరొక గడువు ముగిసిపోయింది. నాటి అమెరికా చట్టం ప్రకారం పేటెంటు హక్కు మంజూరైన నాటి నుంచి 17 సంవత్సరాలు మాత్రమే. 1931లో లభించిన హక్కు 1948తో తీరిపోయింది. గడువు తీరిన పేటెంటును ఎవరైనా వాడుకోవచ్చు. ఆవిష్కర్తకు ఏమీ చెల్లించనవసరం లేదు. 1951లో క్రైస్లర్ సంస్థ తన ఇంపీరియల్ కారును హైడ్రాగైడ్ అనే పేరుగల పవర్ స్టీరింగుతో మార్కెట్టులో ప్రవేశపెట్టింది. సాధారణ ప్రజలు కొనుక్కోగల కారులో పవర్ స్టీరింగు రావడం అదే మొదలు. దానికి ఆధారమైనవి గడువు తీరిన డేవిస్ పేటెంట్లే. చట్టరీత్యా అందులో తప్పేమీ లేదు. అయినా 1926లో పాత కారు నడుపుకొంటూ డెట్రాయిట్ వెళ్లిన మనిషి పాతికేళ్ల తరవాత ఆ వార్త విన్నప్పుడు ఎలా అనుభవించి ఉంటాడో ఊహించడం కష్టం కాదు.

పోటీదారు ముందడుగు వేసేసరికి జనరల్ మోటార్స్ మేలుకొంది. పదిహేడేళ్ల కిందట పక్కన పెట్టిన పథకాన్ని దుమ్ము దులిపి, డేవిస్‌ను మళ్లీ సంప్రదించింది. ఆయన తరవాతి కాలంలో సాధించిన మెరుగుదలల మీద హక్కులు ఇంకా సజీవంగానే ఉన్నాయి. ఒప్పందం కుదిరింది. 1952 కాడిలాక్ కార్లు పవర్ స్టీరింగుతో వెలువడ్డాయి. కాడిలాక్ కోసం తలపెట్టిన పరికరం చివరికి కాడిలాక్‌కే చేరింది. అటు పిమ్మట ఇతర సంస్థలు కూడా ఒకదాని వెంట ఒకటి ఇదే బాట పట్టాయి. ఆ దశకం సగం గడిచేసరికి అమెరికాలో పవర్ స్టీరింగు లక్షలాది కార్లకు చేరింది. 1955లో ఫ్రాన్సులో సిట్రోయెన్ సంస్థ విడుదల చేసిన డి.ఎస్. కారులో స్టీరింగుతోపాటు బ్రేకులు, సస్పెన్షను కూడా నూనె పీడనంతోనే పని చేశాయి. అప్పటికి డేవిస్ వయసు 68 సంవత్సరాలు. తన కృషి లోకమంతటా వ్యాపించడాన్ని ఆయన కళ్లతో చూడగలిగాడు. 1978లో, తొంభై ఏళ్ల వయసులో, ఆయన కన్నుమూశాడు.

డేవిస్ పద్ధతి రోడ్ల మీద స్థిరపడిన తరవాత ఇంజనీర్లకు మరొక సమస్య ఎదురైంది. ప్రవహించే నూనె వేడెక్కుతుంది. పంపు అలుపు లేకుండా తిరుగుతూ ఉంటుంది. చక్రాన్ని ఒకవైపు చివరిదాకా తిప్పి పట్టి ఉంచితే పీడనం గరిష్ఠస్థాయికి చేరి, నూనె రక్షక వాల్వు గుండా తప్పించుకొంటుంది. అలా వృథా అయిన శక్తి అంతా ఉష్ణంగా మారుతుంది. వేడెక్కిన నూనె పలచబడుతుంది, నురుగు కడుతుంది, రబ్బరు సీళ్లను గట్టిపరిచి పగులుస్తుంది. అందుచేత భారీ వాహనాలకూ, వేగవంతమైన కార్లకూ నూనెను చల్లార్చే ఏర్పాటు అవసరమైంది. చిన్న రేడియేటరు వంటి ఆయిల్ కూలరు గుండా నూనెను ప్రవహింపజేస్తే, ఎదురుగాలి దాని వేడిని లాగివేస్తుంది. ఇంజను నూనెకు కూడా ఇదే ఉపాయం. ఫోక్స్‌వాగన్ బీటిల్, పోర్షే 356 వంటి, గాలితో చల్లబడే ఇంజన్లలో ఆయిల్ కూలరు ఇంజనులోనే ఒక అంగం. అయితే నూనె మరీ చల్లగా ఉన్నా మేలు కాదు. అది చిక్కబడి సందుల్లోకి పారదు. అందువల్ల నూనె తగినంత వేడెక్కే వరకు కూలరు దారిని మూసి ఉంచే థర్మోస్టాట్ కూడా కావాలి.

ఇవన్నీ ఈనాడు పాత స్పోర్ట్స్ కార్లను ప్రేమించేవారికి కంఠోపాఠం. ఇంగ్లండులో 1948లో వెలువడిన జాగ్వార్ ఎక్స్.కె.120, 1961లో వచ్చిన ఇ-టైప్ వంటి కార్లకు తొలుత పవర్ స్టీరింగు లేదు. పొడవైన బానెట్ కింద బరువైన ఇంజను. పెద్ద చక్రం. వేగంగా పోతున్నప్పుడు వాటి స్టీరింగు హాయిగా ఉంటుంది. బండి నిలపవలసి వచ్చినప్పుడు మాత్రం భుజాలు నొప్పిపెడతాయి. ఇ-టైప్ రెండవ శ్రేణికి పవర్ స్టీరింగు కోరిన వారికి అమర్చి ఇచ్చారు. 1971లో పన్నెండు సిలిండర్ల ఇంజనుతో వచ్చిన మూడవ శ్రేణికి అది సహజాంగమైంది. మొదటి శ్రేణి కారును యువకుడిగా కొన్న మనిషికి డెబ్బై ఏళ్లు నిండాక ఆ కారును నడపగలడా లేదా అన్నది చిన్న ప్రశ్న కాదు. పవర్ స్టీరింగు అమర్చుకొంటే నడపగలడు. లేకపోతే ఎవరికైనా అమ్ముకోవాలి, లేదా గ్యారేజీలో బొమ్మలా నిలిపి చూసుకొంటూ ఉండాలి.

ఈ మార్పును అంగీకరించని వారూ ఉన్నారు. పాత కారును పాతగానే ఉంచాలని వారి వాదం. తాళపత్ర గ్రంథాలను పరిష్కరించే పండితులు కూడా ఇటువంటి చిక్కునే ఎదుర్కొంటారు. మూలంలోని అక్షరాన్ని చెరిపి కొత్త పాఠాన్ని రాయడం అపచారం. మూలాన్ని యథాతథంగా ఉంచి, సవరణను విడిగా సూచించడం పరిష్కర్త ధర్మం. ఈ న్యాయం కార్లకు కూడా వర్తిస్తుంది. చట్రాన్ని కోయకుండా, కొత్త రంధ్రాలు తొలవకుండా, విప్పిన భాగాలను భద్రపరిచి, రేపు మరొకరు కావాలనుకొంటే కారును తొలి రూపానికి తెచ్చుకోగలిగేలా మార్పు చేయడం ఉత్తమమైన పద్ధతి. ఈనాడు డాష్‌బోర్డు కింద కనబడకుండా ఇమిడే విద్యుత్ మోటార్లు లభిస్తున్నాయి. అవి స్టీరింగు కడ్డీనే నేరుగా తిప్పుతాయి. పంపు ఉండదు, గొట్టాలు ఉండవు, కారడానికీ కాగడానికీ నూనే ఉండదు. 1903 నాటి కొలంబియా ట్రక్కులో వెలిగి ఆరిపోయిన ఊహ శతాబ్ది గడిచాక మళ్లీ వెలిగిందన్న మాట. ఇంజను నూనెకు మాత్రం కూలరు నేటికీ తప్పదు.

కొత్త కార్లలో చాలావరకు విద్యుత్ స్టీరింగే వస్తున్నది. కాని మెట్ట దారుల మీద కంకర మోసే టిప్పర్లలోనూ, నిండా ప్రయాణికులతో ఘాట్ రోడ్డు ఎక్కే పెద్ద బస్సులలోనూ ఇప్పటికీ ఎక్కువగా నూనెదే బలం. ఇంజను తిరుగుతున్నంత సేపూ వాటి గొట్టాలలో నూనె, తెరిచిన వాల్వు గుండా, ఏ అడ్డూ లేకుండా పారుతూనే ఉంటుంది. డ్రైవరు చక్రం మీద చేయి కదిలించే వరకు.